పరుల పాట పాడువారి ధర్మము

పరుల పాటను పాడువాడు అనుకర్త మాత్రమే యనియు, స్వయముగా రచించి పాడువాడే కళావేత్త యనియు మన విద్యార్థులలో ననేకులు తలంచుచున్నారు. ఈ యభిప్రాయమున సగము మాత్రమే సత్యము కలదని మా నమ్మకము. దీనిని పరీక్షించుటకు ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున బుట్టిన బీటిల్స్ అను గాయకబృందము చరిత్ర మిక్కిలి తగియున్నది.

ఈ బృందము ప్రసిద్ధికి రాకమునుపు, 1960 మొదలు 1962 వఱకు, పలుమారులు జర్మనీలోని హాంబర్గు నగరమునకు బోయి, రాత్రులయందు గంటలకొలది పాడుచుండెను. అంతసేపు పాడుటకు స్వంతపాటలు చాలవుగదా! కావున వారు అమెరికా గాయకుల పాటలను నేర్చి, మరల మరల పాడి, పాట యెత్తుగడయు, ముగింపును, శ్రోతల మనస్సును పట్టి నిలుపు విధమును అభ్యసించిరి. 1963వ సంవత్సరమున వెలువడిన వారి మొదటి ఆల్బము ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ యందు 14 పాటలు కలవు. వానిలో 8 స్వంతములు, 6 పరులవి. ఈ 14 పాటలలో పదింటిని ఆ ఫిబ్రవరి 11వ తేదీన ఒక్క దినముననే రికార్డు చేసిరి. చిరకాలాభ్యాసము లేనివారికి ఇట్టి పని సాధ్యమగునా?

అభ్యాసము ముగిసినవెంటనే పరుల పాటలు విడిచిరని తలంపరాదు. 1964 జూలైలో వెలువడిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ ఆల్బమునందలి 13 పాటలును లెనన్, మెకార్ట్నీలు రచించినవే. అయినను ఆ డిసెంబరునందే వచ్చిన ‘బీటిల్స్ ఫర్ సేల్’ నందు 14 పాటలలో 6 మరల పరులవి. ఎడతెగని ప్రయాణములు, కచేరీలు, వేఱుగా వెలువరింపవలసిన సింగిల్ రికార్డులు—వీని నడుమ క్రొత్త పాటలు వ్రాయుటకు తీరిక చిక్కకుండెను. స్వంతరచనకు ప్రతిభతోపాటు తీరికయు కావలయునని దీనివలన తెలియుచున్నది. 1965 చివర వచ్చిన ‘రబ్బర్ సోల్’ నందు పరుల పాట యొక్కటియు లేదు.

ఇక రెండవ పక్షము. ‘ట్విస్ట్ అండ్ షౌట్’ బీటిల్స్ పాటయేయని తలంచువారు నేటికిని పెక్కురు. దానిని రచించినవారు బర్ట్ బర్న్స్, ఫిల్ మెడ్లీలు. 1962లో దానికి ప్రఖ్యాతి తెచ్చినవారు ఐస్లీ సోదరులను నల్లజాతి అమెరికా గాయకులు. బీటిల్స్ అనుసరించినది వీరి బాణీనే. రికార్డుమీద రచయిత పేరు అచ్చగును. పాటవలన వచ్చు సొమ్ములో ఆయనకు భాగము కలదు. కాని ఆ పాటకు తొలుత గొంతును, ఒరవడిని ఇచ్చిన గాయకునికి, ఇతరులు పాడిన రికార్డుమీద పేరును లేదు, భాగమును లేదు. చట్టము వారిని తలంపదు గనుక శ్రోతలే తలంపవలయును.

కొందఱు, పాట బాగుండిన చాలును, మొదట నెవరు పాడిననేమి యందురు. మేమిందుకు సమ్మతింపము. మన పూర్వులు కావ్యారంభమున పూర్వకవిస్తుతి చేసిరి. దానివలన వారి కీర్తి తఱుగలేదు. ‘యెస్టర్‌డే’ యను బీటిల్స్ పాటను 1965 తరువాత లెక్కకు మిక్కిలి గాయకులు పాడిరి. ఒకప్పటి శిష్యులు గురువులైరి. ఈ పరంపర నిలుచుటకు పేరు చెప్పుటయే ఆధారము.

కావున మన వార్షికోత్సవమునందు పాడు బాలబాలికలకు మేము చెప్పునది యిది: పరుల పాట పాడుటకు సిగ్గుపడకుడు, చక్కగా నేర్చి పాడుడు. కాని పాడుటకు ముందు, రచించినవారి పేరును, తొలుత పాడినవారి పేరును సభవారికి తెలుపుడు. దానికి పట్టు కాలము అర నిమిషమైన నుండదు. తీరు ఋణము మాత్రము పెద్దది.