అత్త కుండా, కోడలి కుండా

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, దేశ సరిహద్దు వచ్చి మన వీధి మొగలో నిలబడుతుంది. ఒక మైకు ముందు ఒకాయన నిలబడి, ఎదటి పార్టీవాళ్ళు దేశాన్ని శత్రువుకి తాకట్టు పెట్టారంటాడు. ఇంకో మైకు ముందు ఇంకొకాయన, మీరే పిరికిపందలు, భూమి వదులుకుని కూచున్నారంటాడు. మనం చప్పట్లు కొడతాం. మాటల్లో ఘాటుంటే నాకేమీ అభ్యంతరం లేదు. పప్పులో మిరపకాయలాగా ప్రజాస్వామ్యంలో అది ఉండాల్సిందే. కాని ఇంత గొంతు చించుకున్నాక విన్నవాడికి కొత్తగా తెలిసిన విషయం ఒక్కటయినా ఉండొద్దా?

1962 సంగతి చూడండి. అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. నెల తిరక్కుండానే, నవంబరు 8న, పార్లమెంటు సమావేశమైంది. అప్పటికి యుద్ధం ఇంకా ముగియలేదు. సభను త్వరగా పిలవండని అడిగినవాళ్ళలో జనసంఘ్ సభ్యుడు వాజపేయి ఒకరు. అప్పటికాయనకి నలభయ్యేళ్ళు కూడా లేవు. చర్చ రహస్యంగా జరుపుదామని సూచన వస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరు 14న తీర్మానం ఆమోదించేదాకా లోక్‌సభలో నూట అరవైమందికి పైగా మాట్లాడారు. రక్షణమంత్రి కృష్ణమీనన్ అప్పటికే దిగిపోవాల్సి వచ్చింది. దిగిపొమ్మని గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో కాంగ్రెస్ సభ్యులూ ఉన్నారు, అది గమనించాలి. మరుసటి ఏడాది ఆగస్టులో ఆచార్య కృపలానీ లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం పెట్టారు. అనుకూలం 62, వ్యతిరేకం 347. ఓడిపోతుందని అందరికీ తెలుసు. అయినా రోజుల తరబడి చర్చించారు.

అదంతా స్వర్ణయుగమని నేననను. ఆ నవంబరులోనే కమ్యూనిస్టులను చైనా మనుషులని నిందించి వందలమందిని జైళ్ళలో పెట్టారు. దేశద్రోహి అనే మాట ఇవాళ పుట్టింది కాదు.

ఆ ఓటమికి కారణాలేమిటో తేల్చమని సైన్యం ఇద్దరు అధికారులకు అప్పజెప్పింది. వాళ్ళు హెండర్సన్ బ్రూక్స్, భగత్. 1963లో నివేదిక ఇచ్చారు. అరవయ్యేళ్ళు దాటినా ప్రభుత్వం దాన్ని బయటపెట్టలేదు. 2010లో కాంగ్రెస్ రక్షణమంత్రి ఆంటోనీ, అందులో విషయాలు ఇప్పటికీ సున్నితమైనవే, కుదరదన్నారు. 2014 మార్చిలో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగాన్ని బయటపెడితే, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న అరుణ్ జైట్లీ, ఇలాంటివి ఎల్లకాలం దాచటం ప్రజలకు మంచిది కాదేమోనని రాశారు. అదే జూలైకి ఆయనే రక్షణమంత్రి. నివేదిక వెల్లడించటం దేశ ప్రయోజనాలకు మంచిది కాదని రాజ్యసభకు జవాబిచ్చారు. గట్టిగా నాలుగు నెలలు! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. బయట జుట్లు పట్టుకునే రెండు పక్షాలూ బీరువా తాళం దగ్గరకొచ్చేసరికి ఒకటైపోతాయి.

వాజపేయిగారి విషయమే తీసుకుందాం. కార్గిల్ యుద్ధం 1999లో వచ్చింది. లోక్‌సభ రద్దయి ఉంది. రాజ్యసభనన్నా పిలవండని కాంగ్రెస్ అడిగింది. 1962లో సభ కోసం పట్టుబట్టిన మనిషే ఇప్పుడు ప్రధాని. పిలవలేదు. అయితే న్యాయంగా చెప్పాలంటే, యుద్ధం ముగియగానే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కమిటీ వేశారు. 2000 ఫిబ్రవరిలో దాని నివేదికను, కొన్ని భాగాలు తీసేసి అయినా సరే, పార్లమెంటు ముందు పెట్టారు. గూఢచారి వ్యవస్థలో లోపాలున్నాయని అందులో రాసి ఉంది. దానివల్ల దేశం ఏమీ కూలిపోలేదు.

ఇక 2020. జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో ఇరవైమంది సైనికులు చనిపోయారు. వాళ్ళ నాయకుడు కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట మనిషి. నాలుగు రోజులకి అఖిలపక్ష సమావేశం జరిగింది. మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదని ప్రధాని అన్నారు. అలాగైతే మనవాళ్ళు ఎక్కడ చనిపోయినట్టని ప్రతిపక్షం అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబుగా ఏం వచ్చింది? మీ ఫౌండేషను చైనా దగ్గర విరాళం పుచ్చుకోలేదా, మీ పార్టీ 2008లో వాళ్ళ పార్టీతో ఒప్పందం చేసుకోలేదా అని ఎదురు ప్రశ్నలు. అవి కూడా అడగదగ్గవే కావచ్చు, కాని అడిగినదానికి జవాబు కావు. కాంగ్రెస్ వాళ్ళూ తక్కువ తినలేదు. ప్రధాని లొంగిపోయాడంటూ పేరు విరిచి ఎగతాళి చేశారు. ఆ వేడిలో అసలు ప్రశ్న ఆవిరైపోయింది.

అదేం కాదు, యుద్ధసమయంలో ప్రశ్నిస్తే శత్రువుకి బలం కాదా అని నా మిత్రులొకరు వాదిస్తారు. దళాల కదలికలు అడగొద్దంటే నేనూ ఒప్పుకుంటాను. కాని ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అని అడగటం వేరు. పైగా ప్రశ్నించే ప్రతిపక్షాన్ని ప్రభుత్వం నమ్మిన సందర్భాలూ ఉన్నాయి. 1994లో కాశ్మీర్ విషయమై జెనీవాలో భారత్ తరఫున మాట్లాడే బృందానికి నాయకుడిగా మన పి.వి. నరసింహారావు పంపింది ప్రతిపక్ష నాయకుడు వాజపేయినే. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తరవాత విదేశాలకు వెళ్ళిన ఏడు బృందాల్లోనూ ప్రతిపక్షాలవాళ్ళున్నారు. పరాయిదేశంలో మన తరఫున మాట్లాడ్డానికి పనికొచ్చినవాడు ఇంటికి తిరిగిరాగానే దేశద్రోహి ఎట్లా అవుతాడో నాకు బోధపడదు.

గాల్వాన్ తరవాత, 2020 సెప్టెంబరు 15న, రక్షణమంత్రి లోక్‌సభలో ప్రకటన చేశారు. ఆ తరవాత మాట్లాడ్డానికి ప్రతిపక్షానికి అవకాశం ఇవ్వలేదు. కాంగ్రెస్ వాకౌట్ చేసింది. రెండు పక్షాల పెద్దలూ బయటికొచ్చి, టీవీ మైకుల ముందు, మళ్ళీ తిట్లందుకున్నారు.