ఖర్చు ఎవరిది?

“స్త్రీవాదులలోనే ఏకాభిప్రాయము లేదు, ముందు వారు తమలో తాము తేల్చుకొని పిమ్మట మన యొద్దకు రావచ్చును” అని పఠనమందిరములలో పెద్దమనుషులు సెలవిచ్చుచున్నారు. ఎంత సుఖకరమైన వాదము! తగవు వారిది, తీరుబడి మనది. 1907లో సూరతు నగరమున కాంగ్రెసు మితవాదులుగను అతివాదులుగను చీలినది. అంతమాత్రమున స్వరాజ్యము కోరదగని వస్తువయ్యెనా?

శాఖలు భిన్నించుట నిజమే. స్త్రీ దాస్యమునకు మూలమెచ్చట నను ప్రశ్నకు ఒక్కొక్క శాఖ యొక్కొక్క చోటు చూపుచున్నది. మూలము మారినకొలది మందు మారును. మందు మారినకొలది దాని ఖర్చు భరింపవలసినవాడును మారును. సామాజిక శాస్త్ర గ్రంథములలో ఈ ఖర్చు మాట కొంత మరుగున పడియుండును. దానినే బయటికి లాగి చూతము.

ఉదారవాదులకు మూలము చట్టమున సమత లేకుండుట. 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ విద్య కొరకును, 1869లో జాన్ స్టూవర్ట్ మిల్ చట్టమున సమానత్వము కొరకును వాదించిరి. నేను న్యాయవాదిని, ఈ శాఖ నాకు అన్నము పెట్టుచున్నది. దాని విజయములను తక్కువ చేయను. మన ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు నుండి కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కలిగినది. అప్పటికే పెండ్లియైన వారిని మాత్రము ఆ శాసనము వెలుపల నుంచెను. 2005లో దేశమంతటికిని అట్టి హక్కు వచ్చెను. తరువాత జరిగినదేమి? పసుపు కుంకుమల క్రింద కొంత రొక్కము పుచ్చుకొని, తన వాటాను సోదరులకు ఇష్టపూర్వకముగా వదలుకొంటినని ఆడపడుచు వ్రాసియిచ్చు హక్కు విడుదల దస్తావేజు! శాసనము వలన మగవాడు పోగొట్టుకొనినది స్టాంపు ఖర్చు మాత్రమే. మనకీ శాఖ యింత ప్రియమగుటకు కారణ మిదియే కాదా?

మార్క్సీయులు ఆ దస్తావేజును చూచి ఆశ్చర్యపడరు. సొంత ఆస్తియు, దానిని తన సంతతికే దక్కించుకొనవలెనను పురుషుని కోరికయు స్త్రీని పడద్రోసినవని 1884లో ఎంగెల్సు వ్రాసెను. మంచిదే. మరి ఆస్తియే లేని గుడిసెలో ఆమెకు దెబ్బలేల? కూలికి పోయివచ్చిన యిద్దరిలో ఒకరే పొయ్యి రాజేయనేల? మార్క్సీయమునకును స్త్రీవాదమునకును జరిగిన వివాహమున పెత్తనమంతయు మొదటిదే చేయుచున్నదని 1979లో హైడీ హార్ట్‌మన్ తప్పు పట్టినది ఇందుకే.

ఇక రాడికల్ శాఖ. పేరు వినగానే మన పెద్దమనుషుల కనుబొమలు ముడిపడును. పడకగదిలోను, వంటయింటిలోను ఉన్నది రాజకీయమే, అది అధికార సంబంధమే యని 1970లో కేట్ మిలెట్ చాటెను. ఉదారవాది ప్రభుత్వమును అడిగెను. మార్క్సీయుడు యజమానిని అడిగెను. ఈమె మాత్రము తిన్నగా భర్తను అడిగెను. కోపమునకు కారణము వేరే వెదకనక్కరలేదు.

ఇది పాశ్చాత్యుల పిచ్చి యనువారు నెల్లూరు జిల్లాలోని దూబగుంటను తలచుకొందురు గాక. 1992లో అక్కడి స్త్రీలు, రాత్రి బడులలో అక్షరములు దిద్దుకొనుచున్నవారే, సారా దుకాణమును మూయించిరి. కూలి డబ్బు దుకాణమునకు, దెబ్బలు ఇంటికి వచ్చుచుండెను. వేలముపాటల రాబడి మరిగిన ప్రభుత్వమును, త్రాగివచ్చి చేయి చేసికొను మగనిని వారొక్కసారే నిలదీసిరి. అంతకుముందు మార్క్సీయులును రాడికల్‌లును రాజీపడవలెనని వారు వేచియుండలేదు. 1993లో సారాయు, 1995లో సకల మద్యమును నిషిద్ధములయ్యెను. 1997లో ప్రభుత్వమే నిషేధమును సడలించెను. ఖజానా ఖర్చు భరింపలేకపోయెను!

నాలుగవ శాఖ ఖర్చు స్త్రీలను సయితము అడుగుచున్నది. అమెరికాలో జనరల్ మోటర్స్ సంస్థపై అయిదుగురు నల్లజాతి స్త్రీలు వ్యాజ్యము వేసిరి. సంస్థ స్త్రీలను నియమించియే యున్నది గనుక స్త్రీ వివక్ష లేదనియు, జాతి వివక్షను వేరుగా విచారింపవలెననియు 1976లో న్యాయస్థానము తేల్చెను. నియమింపబడిన ఆ స్త్రీలు తెల్లవారు! రెండు బాటలు కలియు కూడలిలో నిలిచినవారిని చట్టము చూడలేకపోయెనని 1989లో కింబర్లే క్రెన్‌షా చూపెను. మన దళిత స్త్రీలు చెప్పుచున్నదియు ఇట్టిదియే: పొలమున కామందు, ఇంట మగడు, వీనికి తోడు పెరటి గుమ్మము దాటనీయని యజమానురాలు. సభలో సమానత్వమును గూర్చి ఉపన్యసించి వచ్చి పనిమనిషికి విడి గ్లాసులో కాఫీ పోయించు ఇల్లాలు కూడ ఈ లెక్కలో బాకీదారే.

కావున ఇవి ఒకదానినొకటి కొట్టివేయు శాఖలు కావు. ఒకే అప్పునకు వేర్వేరు బాకీదారులను చూపు పద్దులు. మనము ఏ పద్దు పుటను చదువకుండ త్రిప్పివేయుచున్నామో, అచ్చటనే మన పేరు వ్రాసియుండును.

నా సంగతియు చెప్పవలెను. మా తండ్రిగారు పోయిన యేడాదికి మా చెల్లెలు నాకు హక్కు విడుదల వ్రాసియిచ్చెను. ముసాయిదా నేనే తయారుచేసితిని. “ఎక్కడ సంతకము పెట్టమందువు, అన్నయ్యా?” అని మాత్రమే ఆమె అడిగినది. వేలు పెట్టి చూపితిని. ఆ దస్తావేజు నా బీరువాలోనే యున్నది.