ఎవరిది డబుల్ గేమ్?

1972 నాటి ‘గాడ్‌ఫాదర్’ సినిమాలో టెస్సియో సంధి మాటలంటూ తన యజమాని మైకేల్‌ని శత్రువు బార్జినీకి అప్పగించబోయి, తానే దొరికిపోతాడు. హాల్లో మనం ‘ఏం ఎత్తు, ఏం పైయెత్తు!’ అని మురిసిపోతాం. ఇద్దరూ దొంగలే, ఇద్దరికీ ఆట తెలుసు. మురిస్తే తప్పులేదు.

నా పేచీ అల్లా, ఆ కళ్లద్దాలతో అరకు కొండలెక్కేవాళ్లతోనే.

మొన్నొక పెద్దమనిషి లబోదిబోమన్నాడు. అరకు దగ్గర భూమి కొన్నాట్ట. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీ కూడదని 1959లో రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని మరింత బిగించారు. అదే మనమనే ‘వన్ ఆఫ్ సెవెంటీ’. అందుకని కాగితం ఒక గిరిజనుడి పేర రాయించాడు. ఇప్పుడతను “పొలం నాదే బాబూ” అంటున్నాడట. “చూశారా డబుల్ గేమ్!” అని ఈయన ఏడుపు.

అయ్యా, మొదటి గేమ్ ఎవరిది? చట్టం కళ్లు కప్పడానికి అతని పేరు వాడుకున్నది తమరు కాదూ? బినామీ ఆస్తి నాదేనంటూ కోర్టుకెక్కే దారి 1988 చట్టంతో మూసుకుపోయింది. టెస్సియో అయినా దొరికాక పాత స్నేహం చెప్పి బతిమాలుకున్నాడే గాని, నీతి ఉపన్యాసం ఇవ్వలేదు!

సంతలో దొంగతూకాలు, పంటకు ముందే అప్పిచ్చి ధర కట్టెయ్యడాలు గిరిజనుడు తరాలుగా చూశాడు. వాటి బాధ పడలేకే కదా 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఆ ఆటలో అతను ఏనాడూ పోటీదారు కాడు, పందెపు సొమ్ము.

కనక పెద్దమనిషీ, ఏడుపు మాని కొండ దిగండి. కాగితంమీద పేరెవరిదో పొలమూ అతనిదే.