దేవుని ఆదాయం, పౌరుని పన్ను

నెల్లూరు తీరంలో ధర్మసంస్థలకు పన్ను మినహాయింపు ఇచ్చే ఆచారం ఈనాటిది కాదు. బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించిన ఈ జిల్లా శాసనాలను తిరగవేస్తే, సర్వమాన్యంగా, అంటే రాజుకు చెల్లవలసిన పన్నులన్నీ వదులుకొని, గుళ్లకు ఇచ్చిన భూముల ప్రస్తావన మళ్లీ మళ్లీ కనబడుతుంది. కృష్ణపట్నం రేవులోనైతే ఓడల్లో వచ్చిపోయే సరుకు విలువలో కొంత భాగాన్ని వర్తకులు మనుమసిద్ధీశ్వరాలయానికి సమర్పించే ఏర్పాటు కూడా ఉండేది. రాజు గుడికి ఆదాయం సమకూర్చాడు, గుడి రాజు అధికారానికి పవిత్రతను సమకూర్చింది. అది ఇద్దరికీ లాభించిన రాజకీయ ఒప్పందమే తప్ప దైవశాసనం కాదు. ఆ ఒప్పందంలో ఒక పక్షమైన రాజరికం పోయి, పాలకుల అధికారానికి ప్రజల ఓటే ఆధారమైన తరువాత కూడా మినహాయింపు ఎందుకు కొనసాగాలన్న ప్రశ్నకు సంప్రదాయం ఒక్కటే సమాధానం కాజాలదు.

రాజ్యాంగం 27వ అధికరణం ఏ మతాన్నైనా పోషించడానికి ప్రత్యేకంగా వినియోగించే పన్నును చెల్లించమని ఎవరినీ బలవంతపెట్టరాదని చెబుతున్నది. అయితే ఒక సంస్థ కట్టవలసిన పన్నును ప్రభుత్వం వదులుకున్నప్పుడు ఆ లోటును మిగిలిన పౌరులే, నమ్మేవారూ నమ్మనివారూ కలిసి, పూడ్చవలసి వస్తుంది. న్యాయస్థానాలు మినహాయింపును 27వ అధికరణానికి విరుద్ధమని భావించకపోవచ్చు, కానీ హేతుబద్ధంగా చూస్తే బలవంతపు విరాళానికీ దీనికీ ఫలితంలో తేడా చాలా తక్కువ.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ఏర్పరచిన పద్ధతి ప్రకారం, నమోదైన మత ట్రస్టు తన ఆదాయంలో 85 శాతాన్ని తన ఆశయాలకు ఖర్చు చేస్తే చాలు, మిగిలిన 15 శాతాన్ని పన్ను లేకుండా కూడబెట్టుకోవచ్చు. మతకార్యమే ఆశయమైన చోట, ఆసుపత్రికి మంచాలు కొన్నా గోపుర కలశానికి బంగారు తాపడం చేయించినా చట్టం దృష్టిలో రెండూ సద్వినియోగాలే. అంతకన్నా గమనించదగినది 2006లో చేర్చిన నిబంధన. దాత పేరు, చిరునామా లేని విరాళం ఒక హద్దు దాటితే స్వచ్ఛంద సంస్థ దానిపై 30 శాతం పన్ను కట్టాలి, కాని పూర్తిగా మతపరమైన సంస్థకు ఈ నియమం వర్తించదు. అనాథాశ్రమం పెట్టెలో పడిన సొమ్ము ఎవరిదని అడిగే చట్టం, హుండీలో పడిన సొమ్మును ఆ ప్రశ్న అడగదు. లెక్క చూపని ధనం పుణ్యధనంగా మారడానికి ఇంతకన్నా సులువైన దారి మరొకటి ఉండదు.

దేవాలయాలు ఇప్పటికే చెల్లిస్తున్నాయి కదా అన్న వాదన తరచు వినబడుతుంది. 1987 నాటి దేవాదాయ చట్టం కింద జొన్నవాడ, పెంచలకోన వంటి ఆలయాలు ఆదాయంలో కొంత భాగాన్ని దేవాదాయ శాఖకు జమ చేస్తాయన్నది నిజమే. వక్ఫ్ సంస్థలు కూడా తమ బోర్డుకు నికరాదాయంలో 7 శాతం వరకు చెల్లిస్తుండగా, 2025 సవరణ దానిని 5 శాతానికి తగ్గించింది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో నెలకొల్పిన బాప్టిస్టు మిషన్ వారసత్వంగా మిగిలినవంటి చర్చి సంస్థలపై ఇటువంటి శాఖ ఏదీ లేదు. మతానికొక నీతి అన్న ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఆలయాలు కట్టే ఆ సొమ్ము పన్ను కాదు. నెల్లూరు అప్పటికి కొద్ది నెలల కిందటి వరకు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రపు చట్టంలోని 5 శాతం వసూలును సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో పన్నుగా తేల్చి కొట్టివేసిన తరువాత, ఇటువంటి వసూళ్లు సేవకు బదులుగా పుచ్చుకునే రుసుములుగానే నిలబడ్డాయి. రుసుము ధర్మసంస్థల నిర్వహణకే తిరిగి వెళుతుంది, రోడ్డుకూ బడికీ చేరదు.

పూజకు పన్ను వేయాలని హేతువాది కోరనవసరం లేదు, వ్యాపారానికి వేయాలని మాత్రం కోరాలి. జీఎస్టీ విధానం ఈ గీతను కొంతవరకు గీసింది. ఆలయ ప్రాంగణంలో రోజుకు 1,000 రూపాయలకు తక్కువ అద్దె గదికి, 10,000 రూపాయలకు తక్కువ అద్దె కల్యాణమండపానికి మినహాయింపు ఇచ్చి, ఆ పైవాటికి పన్ను విధించింది. ఇదే సూత్రాన్ని ఆదాయపు పన్నుకూ వర్తింపజేసి, దుకాణాల అద్దెలు, మండపాల కిరాయిలు, కౌలు సొమ్ము వంటి రాబడిని గుడి, దర్గా, చర్చి అన్న భేదం లేకుండా పన్ను పరిధిలోకి తేవడంలో అన్యాయమేమీ లేదు. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగ జరిగినప్పుడు మంచినీరు, పారిశుద్ధ్యం, బందోబస్తు అన్నీ ప్రజాధనంతోనే ఏర్పాటవుతాయి. సేవలు అందుకునేటప్పుడు పౌర సమాజంలో భాగమైన సంస్థ, ఖర్చు పంచుకునేటప్పుడు మాత్రం దానికి అతీతమని చెప్పుకోవడం తర్కానికి నిలవదు.

పన్ను వేస్తే చిన్న గుళ్లు మూతబడతాయన్న భయానికి ఆధారం లేదు. తీరంలోని పట్టపు మత్స్యకారుల పల్లెల్లో గ్రామదేవత జాతర ఊరి చందాలతోనే జరుగుతుంది. కాపులు, అంటే కులపెద్దలు, వేసిన దురాయికి, అనగా ఊరంతటికీ వర్తించే కట్టుబాటుకు, లోబడి మత్స్యకారుడు వేటలో వచ్చినదానిలో కొంత ఇస్తాడు. అటువంటి గుడికి పన్ను కట్టదగిన రాబడే ఉండదు, కనీస ఆదాయ పరిమితే దానిని కాపాడుతుంది. డీజిలు మీదా వల మీదా పరోక్ష పన్ను కట్టి, దురాయికి లోబడి చందా కూడా ఇచ్చే ఆ మనిషికి, ఏటా కోట్ల రాబడి ఉన్న సంస్థలు తమ జమాఖర్చులను తెలుగులో ప్రకటించి చూపవలసిన బాధ్యత ఉంది. మినహాయింపు ఇచ్చే చట్టమే, ఆ ప్రకటన లేని సంవత్సరానికి మినహాయింపు చెల్లదని కూడా శాసించాలి.