పిల్లికి షుగరొస్తే ఆశ వదులుకోకండి

పిల్లికి షుగరని తేలగానే కొందరు ఆశ వదిలేసుకుంటారు. అది తొందరపాటు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. మనం ముద్దుగా పెట్టే పాలన్నం, పెరుగన్నం దానికి పడవు. డాక్టరు చెప్పిన మాంసాహారం, 12 గంటలకోసారి ఇన్సులిన్ మొదట్నుంచీ పద్ధతిగా అందితే, కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు ఇంజెక్షనే అక్కర్లేకుండా పోతుంది. గిన్నెలో మూతిపెట్టి తింటుండగా చర్మం కాస్త పైకెత్తి సన్నని సూది గుచ్చితే చాలా పిల్లులు తలైనా ఎత్తవు. అసలు జాగ్రత్త సిరంజి దగ్గరే: ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందుకు, నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజిలోకి తీస్తే రెండున్నర రెట్ల డోసు పడి ప్రాణం మీదకొస్తుంది. షుగరు మరీ పడిపోయి పిల్లి తూలుతుంటే చిగుళ్లకు తేనె రాసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తిండి ముట్టని పూట ఆయన్ని అడగకుండా ఇన్సులిన్ ఇవ్వకండి.