విద్యా ఋణం – విత్తనాల బస్తా

అప్పులేనివాడు అధిక బలుడు అన్నారు పెద్దలు. ఆ లెక్కన చూస్తే మన హాస్టలులో బలవంతులు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే ఉంటారు. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుంటే సినిమాల తర్వాత ఎక్కువగా వచ్చే మాట ఇదే: "బ్యాంకువాడికి ఎప్పటికి కడతాంరా?"

ఈ ప్రశ్నకు రెండు జవాబులు వింటూ ఉంటాను. "అప్పు తీరేదాకా పండుగ లేదు, పబ్బం లేదు" అనేది ఒకటి. "ఉన్నన్నాళ్ళు హాయిగా ఉందాం, బ్యాంకువాడు ఏం చేస్తాడు?" అనేది రెండోది. రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా ఇంట్లో చూసి చెబుతున్నాను.

మాది కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఊరు. ఎకరంన్నర సొంతం, నాలుగెకరాలు కౌలు. వరి, వరి తర్వాత మినుము. మా అక్క బి.ఎస్సీ. నర్సింగులో 2018లో చేరింది. యాజమాన్య కోటా సీటు కావడం వల్ల ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించలేదు. బ్యాంకులో ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు విద్యా ఋణం తీసుకున్నాం. 2001 నుంచి అమలులో ఉన్న నమూనా విద్యా ఋణ పథకం పుణ్యమా అని నాలుగు లక్షల వరకు తాకట్టు అక్కరలేదు. తల్లిగానీ తండ్రిగానీ సహ ఋణగ్రహీతగా సంతకం పెడితే చాలు. నాన్న పెట్టాడు.

చదువుకునే కాలమూ, ఆపైన మరో ఏడాదీ వాయిదాలు కట్టనక్కరలేదు. "అప్పటిదాకా వడ్డీ కూడా ఉండదట" అని ఊళ్ళో ఎవరో అంటే నమ్మాం. అది పొరపాటు. ప్రభుత్వ వడ్డీ రాయితీకి అర్హులైన వారి సంగతి వేరు. మిగిలిన వారందరికీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. నూటికి సాలీనా 10 అనుకుంటే, మొదటి లక్షకు ఐదేళ్ళ వడ్డీ 50 వేలు, రెండో లక్షకు 40, మూడో దానికి 30, నాలుగో దానికి 20. మొత్తం లక్షా నలభై వేలు. 2023లో వాయిదాలు మొదలయ్యేనాటికి అక్క బాకీ నాలుగు లక్షలు కాదు, ఐదు లక్షల నలభై వేలు. పదేళ్ళ గడువుకు నెలకు సుమారు 7,136 రూపాయలు.

హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అక్క జీతం 24 వేలు. వాయిదా పోగా, హాస్టలుకు 6,500, ఇంటికి 4,000. మిగిలేది 6,364. అందులో 6,000 కూడా బ్యాంకుకే కట్టడం మొదలుపెట్టింది. అలా కడితే నాలుగేళ్ళ చిల్లరలో మొత్తం తీరిపోతుందని కాగితం మీద లెక్క వేసి నాకు చూపించింది. లెక్కలో తప్పు లేదు. కానీ సబ్బుకీ, బస్సుకీ, బట్టలకీ కలిపి నెలకు మూడు వందల అరవై నాలుగు రూపాయలతో బ్రతకాల్సిన మనిషి ఆ లెక్కలో లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనలమీద ఉన్న మా వరి నీళ్ళలో నానింది. వరిలో చల్లిన మినుము కుళ్ళిపోయింది. ఆ వార్త విన్నాక అక్క ఇంకా బిగించింది. వరుసగా నైట్ డ్యూటీలు వేయించుకుంది. టిక్కెట్టు డబ్బులు దండగని సంక్రాంతికి రాలేదు. జనవరి చివర్లో డ్యూటీలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం తక్కువైందన్నారు. రోగులకు సెలైన్ పెట్టే మనిషి మంచం మీద పడుకొని తాను పెట్టించుకుంది.

ఆ రోజు నాన్న ఫోనులో అన్న మాటలు నాకు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "తుఫానప్పుడు మన ఇంట్లో విత్తనాల మినుముల బస్తా ఉంది. అప్పులాయన వచ్చి కూర్చున్నాడు. అది అమ్మి ఆయన చేతిలో పెట్టొచ్చు. నేను పెట్టలేదు. నీళ్ళు తీశాక మళ్ళీ చల్లింది ఆ గింజలే. గాదె ఊడ్చి కడతాం గానీ, విత్తనాలు కూడా ఊడ్చి కడితే వచ్చే ఏడు ఆయనకు కట్టేదేముంటుందమ్మా? నువ్వు విత్తనాల బస్తా అమ్ముతున్నావు."

మిత్రులారా! ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే. మన ఆరోగ్యం, ఉత్సాహం, నలుగురితో కలిసి నవ్వడం, ఏడాదికొకసారి ఇంటి గుమ్మం తొక్కడం విలాసాలు కావు. అవి మన విత్తనాల బస్తా. వాటిని పక్కన పెట్టుకున్నాకే గాదె ఊడ్వాలి.

ఇప్పుడు అక్క పద్ధతి మారింది. నెలకు 1,500 తనకోసం. అందులో ఒక సినిమా, స్నేహితురాళ్ళతో ఒక ఆదివారం భోజనం, చిన్నప్పుడు మానేసిన పాటల క్లాసు. ఇంకో 2,000 వేరే ఖాతాలో. మూడు వాయిదాలకు సరిపడా జమ అయ్యేవరకు దాన్ని ముట్టదు, ఉద్యోగం పోతే అదే ఆధారం. వాయిదాపైన అదనంగా కట్టేది 1,000 మాత్రమే. ఈ వెయ్యి తక్కువేమీ కాదు. మొదటి నుంచీ నెలనెలా అలా కడితే 120 నెలల అప్పు 97 నెలల్లో తీరుతుంది. వడ్డీలో అరవై వేల పైచిలుకు మిగులుతుంది. 2025 సంక్రాంతికి అక్క ఇంటికొచ్చింది. అమ్మ అరిసెలు వండింది.

ఇక రెండో జవాబు ఇచ్చేవారికి ఒక మాట. మా వీధిలో ఒకాయన ఉద్యోగం రాగానే మోటారు సైకిలూ, ఖరీదైన ఫోనూ వాయిదాల మీద కొని చదువు అప్పు మరిచాడు. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే బ్యాంకు దాన్ని మొండి బాకీల్లో వేస్తుంది. ఆ మచ్చ కొడుకు పేరు మీదే కాదు, పక్కన సంతకం పెట్టిన తండ్రి పేరు మీదా పడుతుంది. పంట ఋణం కోసం బ్యాంకుకెళ్ళిన ఆ పెద్దాయన తలవంచుకొని తిరిగి రావడం నేను చూశాను. మన సరదాకు నాన్న తలవంపులు ఖరీదు కాకూడదు.

వడ్డీని మా ఊరి భాషలో చూడండి. బ్యాంకు 10 శాతమంటే నూటికి నెలకు 83 పైసలు. ఊళ్ళో అప్పు రెండు రూపాయలు. క్రెడిట్ కార్డు బాకీ మూడు రూపాయలు దాటుతుంది. కనుక ముందు కార్డు, తర్వాత ఊరి అప్పు, ఆఖర్న బ్యాంకు. బ్యాంకు బాకీకి భయపడి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేవాళ్ళనూ చూశాను. అది పొయ్యిలోంచి తీసి పెనంలో వేయడం కాదు, పెనం మీద నుంచి పొయ్యిలో పడటం.

నా సంగతీ చెప్పాలి. నాకూ లక్షా ఇరవై వేల ఋణం ఉంది. అక్క అనుభవం చూసి నేను వడ్డీని నెలనెలా ఇప్పుడే కడుతున్నాను. ఈ ఏడాది నెలకు వెయ్యి. ఇద్దరు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబితే ఆ డబ్బు వస్తుంది. చదివే రోజుల్లోనే వడ్డీ కట్టేవారికి ఒక శాతం దాకా తగ్గించే బ్యాంకులున్నాయి, అడగండి. ట్యూషను డబ్బులో మిగిలిన దానితో మొన్న స్నేహితులతో సూర్యలంక వెళ్ళి సముద్రంలో మునిగొచ్చాను. అందుకు నాకేం సిగ్గు లేదు.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ప్రతి ఏడూ సాంస్కృతిక వారోత్సవాలు జరుపుతున్నాం, సంతోషమే. వచ్చే ఏడు కొత్త విద్యార్థులు చేరిన వారంలోనే ఒక బ్యాంకు అధికారిని పిలిపించి, సంతకం పెట్టకముందే ఈ వడ్డీ లెక్క తెలుగులో చెప్పించండి. మా ఇంట్లో ఆ ఒక్క గంట ఎవరైనా చెప్పి ఉంటే లక్షా నలభై వేల సంగతి ముందే తెలిసేది.

అప్పు తీర్చడం మన ధర్మం. తీర్చేదాకా మనిషిగా మిగలడం కూడా మన ధర్మమే. ఆలోచించండి.

– తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి