ఆఫర్ లెటర్‌లో ఊరి పేరు వెతకండి

మదనపల్లె

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు,

బోరు ఎండి, టమోటా రేటు పడిపోయిన ఏడాది మన ఇళ్లలో పాస్‌పోర్టు మాట వస్తుంది. కువైట్ దారి మనవాళ్లకు పాతదే. ఇప్పుడు లిబియా పేరు కూడా మీ నోట వింటున్నాను. మొన్న పుంగనూరు అబ్బాయి ఒకడు ఫోన్‌లో ఆఫర్ లెటర్ చూపించాడు. జీతం పెద్దక్షరాల్లో ఉంది, పన్నెండు గంటల డ్యూటీ చిన్నక్షరాల్లో ఉంది. పనిచేసే చోటు దగ్గర ‘లిబియా’ అని ఒక్క మాటే ఉంది. సోషల్ చెప్పి రిటైరైన అయివారిని కదా, అక్కడే నా కన్ను ఆగింది.

అట్లాసు తెరవండి. ఈజిప్టుకు పడమర, అల్జీరియాకు తూర్పున ఉంది లిబియా. విస్తీర్ణం దాదాపు 17.6 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో సగానికి పైనే. జనాభా 70 లక్షల చిల్లర. నూటికి తొంభై పాళ్లకు పైగా ఎడారి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. జనంలో ఎక్కువమంది మధ్యధరా సముద్రపు ఒడ్డునే బతుకుతారు. ఎప్పుడో వేల ఏళ్ల కింద ఎడారి అడుగున ఇంకిన నీటిని తోడి, భారీ పైపుల్లో తీరానికి తెచ్చుకుంటారు. తోడిన నీళ్లు మళ్లీ ఊరవు. వెయ్యడుగుల బోర్లు చూసిన మీకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ దేశం మూడు ప్రాంతాల అతుకు: పడమట ట్రిపోలీ, తూర్పున బెంఘాజీ, దక్షిణాన ఎడారి సీమ ఫెజ్జాన్. 1911లో తుర్కుల మీద యుద్ధానికి దిగి ఇటలీ దాన్ని లాక్కుంది. 1951 డిసెంబరు 24న ఇద్రిస్ రాజుగా స్వతంత్రం వచ్చింది. 1959లో చమురు పడింది. 1969లో సైనిక తిరుగుబాటుతో గడాఫీ గద్దెనెక్కి 42 ఏళ్లు దిగలేదు. పార్టీలను బతకనివ్వలేదు, తనకు ఎదురు చెప్పగల వ్యవస్థ ఏదీ నిలబడనివ్వలేదు. అందుకే 2011 అక్టోబరులో ఆయన హతమయ్యాక ఊరూరా తుపాకులు మిగిలాయి గానీ, వాటిని దించమని చెప్పే దిక్కు మిగల్లేదు. 2014 నుంచి తూర్పున ఒక పాలన, పడమర ఒక పాలన. 2020 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరింది. 2021 డిసెంబరు 24న జరగాల్సిన ఎన్నికలు మాత్రం జరగలేదు.

నెల జీతానికి పోయేవాడికి ఈ చరిత్ర దేనికంటారేమో. 2015 జులైలో సిర్త్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు అధ్యాపకులను సాయుధులు ఎత్తుకుపోయారు. వాళ్లు విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. పటంలో సిర్త్ ట్రిపోలీకీ బెంఘాజీకీ నడుమ ఉంటుంది. రెండు పాలనల్లో దేని పట్టూ లేని ఆ ఊళ్లో అప్పట్లో ఐసిస్ తిష్ఠ వేసింది. 2020 సెప్టెంబరు 14న ఏడుగురు భారతీయులు ఇంటికి రావడానికి ట్రిపోలీ విమానాశ్రయానికి బయల్దేరి, దారిలో అష్‌వెరిఫ్ దగ్గర కిడ్నాప్ అయ్యారు. వాళ్లలో మన ఆంధ్రా వాళ్లూ ఉన్నారు. విడిపించే ప్రయత్నమంతా పక్క దేశం ట్యునీషియాలోని మన ఎంబసీ నుంచే సాగింది. దాదాపు నెలకు బయటపడ్డారు.

కుప్పంలో రైలెక్కి బెంగళూరులో డ్యూటీ చేసి రాత్రికి ఇల్లు చేరే మీకు రాష్ట్రం దాటినట్టే తెలియదు. లిబియాలో అయితే ఒకే దేశంలో ఈ ఊరి నుంచి ఆ ఊరికి పోవాలన్నా, దారిలో చెక్‌పోస్టు ఎవరి చేతిలో ఉందో కనుక్కుని కదలాలి.

పోవద్దని శాసించను. అప్పు తీర్చాల్సింది మీరు, నేను కాదు. పోయేవాళ్లు ఈ పనులు చేయండి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. లైసెన్సున్న ఏజెంటు ఫీజు కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షలు అడిగితే వాడు మోసగాడే. విజిట్ వీసా మీద దుబాయ్ చేర్చి అక్కణ్ణుంచి పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. 2023లో ఇటలీ అని చెప్పి తీసుకుపోయిన పంజాబ్, హర్యానా కుర్రాళ్లు లిబియాలోనే తేలారు. లిబియా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాల్లో ఒకటి. కానీ పది పాసైన వాళ్ల పాస్‌పోర్టుకు ఆ తనిఖీ ఉండదు. కాబట్టి చదువుకున్నవాడు తనను తానే తనిఖీ చేసుకోవాలి.

పని ఏ ఊళ్లో, ఆ ఊరు ఎవరి పాలనలో ఉంది, అక్కణ్ణుంచి విమానాశ్రయానికి దారి ఏది? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాకుండా పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఇట్లు,
మీ మేలు కోరే
పాత సోషల్ అయివారు